రౌతు మెత్తనైతే...

"రౌతు మెత్తనైతే గుఱ్ఱం మూడు కాళ్ళ మీద నడుస్తుంది" అన్న సామెత వినని తెలుగువాడు అరుదు. పెత్తనం చేసేవాడు గట్టివాడు కాకపోతే పని కుంటుపడుతుందని తాత్పర్యం. ఆ తాత్పర్యంతో నాకు పేచీ లేదు. వాచ్యార్థం మాత్రం సత్యదూరం. లోకంలోకెల్లా మెత్తని రౌతులను మోస్తూ నాలుగు కాళ్ళూ తూచినట్టు వేసే గుఱ్ఱాలను, వాటి పక్కనే నడుస్తూ, నాలుగు నెలలపాటు చూశాను.

మా అమ్మాయి ఇంట ఉండడానికి టెక్సాస్ వెళ్ళినప్పటి మాట. వాళ్ళ ఊరి చేరువలోని ఒక గుఱ్ఱపుశాలలో మస్తిష్క పక్షవాతం, ఆటిజం, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలను గుఱ్ఱమెక్కించి నడిపిస్తారు. అమ్మాయి శనివారాలు అక్కడ సేవకు వెళ్తుంది. నేనూ వెంట వెళ్ళాను. బలం చాలని ఒక్క బిడ్డ గుఱ్ఱమెక్కాలంటే ముగ్గురు మనుషులు కావాలి. కళ్ళెం పట్టి నడిపేవారు ఒకరు, చెరో పక్కా ఒక్కొక్కరు. పక్కవాళ్ళు జీను అంచు పట్టుకొని ముంజేతిని బిడ్డ తొడ మీదుగా ఆనించి ఉంచుతారు. ఒరిగితే ఆదుకోవడానికే గాని, కదలకుండా బిగించడానికి కాదు. మాట్లాడేది శిక్షకురాలు ఒక్కతే. మనం నోరు మెదపకూడదు. జీవితమంతా బల్ల గుద్ది పాఠం చెప్పినవాడికి ఇది ఎంతటి తపస్సో తోటి పంతుళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. సవారీకి ముందు మాలీసు, తరువాత లద్దె ఎత్తడం కూడా మన పనే. ఒక శనివారం పక్కన నడిచేవాడు రాకపోతే ఆ వారం ఆ బిడ్డకు సవారీ లేదు. అంతే.

ఇందులో చికిత్స ఏముందంటారా? నడిచే గుఱ్ఱం నడుము ముందుకూ వెనక్కూ, పక్కలకూ, పైకీ కిందికీ కదులుతుంది. మనిషి నడిచేటప్పుడు కటిభాగం కదిలే తీరూ ఇంచుమించు ఇదే. ఎన్నడూ నడిచి ఎరుగని బిడ్డ వెన్నుకు నడక ఎలా ఉంటుందో గుఱ్ఱం తన వీపుతో చెబుతుంది. పడిపోకుండా ప్రతి అడుగుకూ ఆ బిడ్డ మెడ, నడుము సర్దుకుంటూ ఉంటాయి. వ్యాయామమంటే ఏడ్చే పిల్లవాడు గుఱ్ఱం మీద అదే పని నవ్వుతూ చేస్తాడు.

ఇక్కడ చిన్న పిడకల వేట. మన రగడలలో హయప్రచారం, తురగవల్గనం అని రెండున్నాయి. రెండూ త్రిమాత్రా గణాలతో నడిచేవే. మెల్లగా నడిచే గుఱ్ఱపు డెక్కలు నాలుగు దెబ్బలు వినిపిస్తాయి. ఊపుగా దూకుతూ సాగితే మూడు. మన లాక్షణికుల చెవిన పడ్డది యుద్ధానికో వేటకో ఉరికే గుఱ్ఱం కాబోలు. నేను చూసిన శాలలోనిది చతుర్మాత్రల మధురగతి.

దీనిని 'అశ్వచికిత్స' అందామా అంటే చిక్కు. అశ్వవైద్యమంటే శాలిహోత్రుని నాటి నుంచీ గుఱ్ఱానికి చేసే వైద్యమే. షష్ఠీ తత్పురుషాన్ని తృతీయా తత్పురుషం చేయడానికి వ్యాకరణం ఒప్పుకొన్నా వాడుక ఒప్పుకోదు.

డెన్మార్కుకు చెందిన లిజ్ హార్టెల్ అనే ఆమెకు పోలియో వల్ల మోకాళ్ళ కింది భాగం చచ్చుబడింది. గుఱ్ఱమెక్కడానికీ దిగడానికీ మరొకరు పట్టుకోవాలి. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో గుఱ్ఱపుస్వారీలో రజత పతకం గెలిచింది; 1956లో మళ్ళీ గెలిచింది. 1969లో బ్రిటన్, అమెరికాలలో ఈ పనికి సంఘాలు ఏర్పడ్డాయి. మనకిది మరీ కొత్త ఊహ కాదు. కర్కోటకుని కాటుకు వికృతరూపుడై, పొట్టి చేతుల బాహుకుడైన నలుడే కదా ఋతుపర్ణుని గుఱ్ఱాలను గాలిలా తోలింది!

పెద్దాపురం తిరిగివచ్చి ఇదంతా చెబితే ఒక మిత్రుడు, "అన్నీ అమరినవాళ్ళ ముచ్చట్లండీ మాస్టారూ, మనకు గుఱ్ఱమంటే పెళ్ళి ఊరేగింపే" అన్నాడు. సగం నిజం. పెళ్ళి గుఱ్ఱాన్నో విశాఖ బీచి గుఱ్ఱాన్నో తెచ్చి బిడ్డను ఎక్కించే సాహసం ఎవరూ చేయవద్దు. బాజాలకు బెదరని గుఱ్ఱం వేరు, బిడ్డ హఠాత్తుగా కేకపెట్టి జూలు పీకినా కదలని గుఱ్ఱం వేరు. పైగా ఈ సవారీ ఫిజియోథెరపీకి తోడే గాని మారు కాదు.

మిగతా సగంతోనే నా పేచీ. ఖరీదైనది గుఱ్ఱం, పక్కన నడిచే మనుషులు కారు. గోదావరి వాళ్ళం దానానికి పేరుపడ్డవాళ్ళం. డొక్కా సీతమ్మగారు పుట్టిన సీమ, మహారాణి సత్రం ఉన్న ఊరు. పెట్టే చేతికి కొదవ లేదు. పట్టుకొని నడిచే చెయ్యి ఏదీ? ప్రత్యేక అవసరాల పిల్లలకు ప్రభుత్వ భవిత కేంద్రాలున్నాయి. ఫిజియోథెరపిస్టు వచ్చేది కొన్ని రోజులే. తక్కిన రోజుల్లో అన్నీ తల్లే. నా దగ్గర చదువుకొన్న ఒక అమ్మాయి తొమ్మిదేళ్ళ కొడుకును చంకన వేసుకొని ఆటో దిగుతుంటుంది. వాడు ఎదుగుతున్నాడు, ఆమె నడుము వంగుతోంది. ఇంకో రెండేళ్ళకు ఎత్తలేదు. ఆనాటి నుంచి వాడి లోకం ఒక గది. 2016 నాటి చట్టం 21 వైకల్యాలను గుర్తించింది గాని, చట్టం వచ్చి వాణ్ణి ఆటోలోంచి దించదు. అదే వీధి అరుగుల మీద పింఛనుదారులం అయిదారుగురం దినపత్రిక పంచుకొంటూ ఉంటాం. అన్నదానానికి చందా అడిగితే వెంటనే వ్రాస్తాం, పళ్ళు పంచి ఫోటో దిగుతాం. ప్రతివారమూ, అదే బిడ్డ దగ్గరకు, అదే వేళకు రమ్మంటేనే మోకాళ్ళ నొప్పులు గుర్తుకొస్తాయి.

ప్రస్తుతం ముగ్గురం కుదిరాం. మంగళ, శుక్రవారాలు ఫిజియోథెరపిస్టు చూపిన మేరకు వాణ్ణి పట్టుకొని నిలబెడతాం, నాలుగడుగులు వేయిస్తాం. ఆరు నెలలైంది, పిల్లవాడిలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. తల్లి మాత్రం ఆ రెండు గంటలూ కుట్టుమిషను ముందు కూర్చోగలుగుతోంది.

ఇంగ్లీషులో సైడ్ వాకర్ అనే ఈ పక్కన నడిచే మనిషికి తెలుగుమాట ఏదైనా తోస్తే మిత్రులు చెప్పగలరు. 'పార్శ్వచరుడు' అంటే రాజుగారి భటుడిలా ఉంది. మా వాడైతే నన్ను 'పక్క తాత' అంటున్నాడు.