అంగన్‌వాడీలో సబ్బు ఎక్కడ?



విరేచనాలు ప్రబలాయంటే చాలు, మన అధికారులు ట్యాంకులు కడిగిస్తారు, బ్లీచింగ్ చల్లిస్తారు, పైపుల్లో లీకులు వెతికిస్తారు. 2024 అక్టోబరులో మా విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలినప్పుడూ అదే హడావుడి. అవన్నీ కావలసినవే, కాదనను. కానీ పసిపిల్లల్లో ఈ జబ్బు చేతుల మీదుగా కూడా పాకుతుంది. ఆ సంగతి ఎవరికీ పట్టదు.

జ్వరం, కడుపునొప్పి, రక్తంతో జిగట విరేచనాలు తెచ్చే షిగెల్లా అనే బ్యాక్టీరియానే చూడండి. కలరా సోకాలంటే సాధారణంగా లక్షల క్రిములు కడుపులోకి పోవాలి. షిగెల్లాకు పది నుంచి వంద చాలు. గోటి సందున మిగిలిన మురికే ఎక్కువ! విరేచనాలు కట్టాక కూడా కొన్ని వారాలు బిడ్డ మలంలో ఆ క్రిములు పోతూనే ఉంటాయి. పసిపిల్లల్లో విరేచనాలు తెచ్చే రోటావైరస్‌కు టీకా మన రాష్ట్రంలో 2016 నుంచి వేస్తున్నారు, మంచిదే. షిగెల్లాకు మాత్రం ఇంకా టీకా లేదు.

ఇక అంగన్‌వాడీకి రండి. దొడ్డికెళ్లిన పిల్లాణ్ని ఆయమ్మ మగ్గుతో కడుగుతుంది, అదే బకెట్లో చెయ్యి ముంచి కొంగుకు తుడుచుకుని, ఉడికిన గుడ్లు ఒలవడానికి కూర్చుంటుంది. ఆమెను అని లాభం లేదు. వంట, వడ్డన, పిల్లల్ని కడగడం అన్నీ ఆమె నెత్తినే. నేను చూసిన కేంద్రాల్లో చాలావాటికి మరుగుదొడ్డి దగ్గర కుళాయి లేదు. సబ్బు బీరువాలో భద్రంగా ఉంటుంది, తనిఖీ రోజున దర్శనమిస్తుంది.

ఇళ్లలో మనమేం తక్కువ కాదు. ‘పాలు తాగే బిడ్డది, దానికేం’ అని మలాన్ని గుడ్డలో ఎత్తి మురిక్కాలువలో పారేస్తాం. పసివాడి మలంలోనూ రోగక్రిములుంటాయి, దాన్ని మరుగుదొడ్డిలోనే వెయ్యాలి. విరేచనాలు పట్టుకున్న బిడ్డకు ఓఆర్‌ఎస్, జింక్ ఇవ్వాలని ఆశా కార్యకర్తలు చెబుతూనే ఉన్నారు. రక్తం కనిపిస్తే మాత్రం మందుల షాపులో మాత్ర కొనకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. షిగెల్లా ఇప్పటికే చాలా మందులకు లొంగడం లేదు.

నిధుల్లేవంటారేమో. కుళాయి వేసేదాకా అడుగున ట్యాపు బిగించిన బకెట్టు, వలసంచిలో వేలాడదీసిన సబ్బు పెట్టించలేమా? తనిఖీకి వచ్చే సూపర్‌వైజరు రిజిస్టర్లు తెరవకముందే మరుగుదొడ్డి దగ్గర తన చేతులు కడుక్కోవాలి. నీళ్లో సబ్బో లేకపోతే అది రాసి, ఎన్ని రోజుల్లో అమరుస్తారో పంచాయతీ చేత సంతకం పెట్టించుకుని మరీ వెళ్లాలి.

– ఒక విశ్రాంత ఆరోగ్య కార్యకర్త, విజయనగరం జిల్లా