నైసియా విశ్వాస ప్రమాణం, మన కుల ధృవీకరణ పత్రం

2025 నవంబరు 28న టర్కీలోని ఇజ్నిక్ పట్టణంలో, సరస్సు ఒడ్డున ఉన్న ప్రాచీన బాసిలికా శిథిలాల దగ్గర పోప్ 14వ లియో, కాన్‌స్టాంటినోపుల్ పాట్రియార్క్ బర్తొలొమయి, మరికొన్ని సంఘాల నాయకులు కలిసి ప్రార్థించారు. ఆ ఇజ్నిక్ పట్టణమే నాటి నైసియా. క్రీ.శ. 325లో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి పిలుపు మీద బిషప్పులు అక్కడే కూడి, యేసుక్రీస్తు ఎవరన్న ప్రశ్నకు జవాబు రాశారు. ఆ జవాబుకు 1700 ఏళ్లు నిండాయి.

ఆనాటి వివాదం మనకు తెలిసినదే. కుమారుడు తండ్రి చేత సృజించబడినవాడని, ఆయన లేని కాలం ఒకటి ఉందని అలెగ్జాండ్రియాలోని అరియస్ బోధించాడు. కాదు, కుమారుడు తండ్రితో ఏకస్వభావం గలవాడు, ఆయనే మన రక్షణ కోసం దిగివచ్చి మనుష్యుడయ్యాడు అని మహాసభ తీర్మానించింది. వచ్చినవాడు సాక్షాత్తు దేవుడే. ఆయన ధరించినది వేషం కాదు, ఆకలి, అలసట, గాయం ఎరిగిన దేహం. క్రీస్తు శరీరం కేవలం కనిపించే ఛాయ అన్న బోధ అంతకు ముందే ఉండేది. దాన్నే దోసెటిజం అంటాము. యేసు శరీరధారియై వచ్చాడని ఒప్పుకోని ఆత్మ దేవునిది కాదని యోహాను తన మొదటి పత్రికలో రాసింది అలాంటి బోధ గురించే.

ఈ పాత మాట ఇప్పుడెందుకు? అదే 2025లో, ఏప్రిల్ నెలాఖరున, మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. కులం పేరుతో దూషించి, కొట్టారని ఒక దళిత పాస్టరు పెట్టిన కేసు అది. క్రైస్తవ్యంలో కులం లేదు, మతం మారి పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తికి షెడ్యూల్డ్ కులాల, తెగల అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదు అంటూ హైకోర్టు ఆ కేసును కొట్టివేసింది. చేతిలో కుల ధృవీకరణ పత్రం ఉన్నంత మాత్రాన సరిపోదన్నది.

న్యాయమూర్తి గాలిలోంచి ఈ మాట చెప్పలేదు. 1950 ఆగస్టు 10న వెలువడిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులోని మూడవ పేరా దీనికి మూలం. హిందువులు కానివారిని అది ఈ జాబితా బయట ఉంచింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను సవరణల ద్వారా లోపలికి తీసుకున్నారు. క్రైస్తవులు, ముస్లిములు బయటే మిగిలారు. ఈ మతపరమైన షరతును తొలగించాలని 2007లో జస్టిస్ రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫారసు చేసింది. 2022లో కేంద్రం ఇదే ప్రశ్నను జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌కు అప్పగించింది. 2023 మార్చిలో మన శాసనసభ కూడా దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానించింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవారు బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషన్‌లో ఉన్నారు. అత్యాచారాల నిరోధక చట్టం మాత్రం బీసీలకు రక్షణ ఇవ్వదు. కాబట్టి పోయేది సీటు, ఉద్యోగం మాత్రమే కాదు. దెబ్బ తిన్నవాడు ఏ చట్టం కింద ఫిర్యాదు చేయాలన్నదే ప్రశ్న అయింది.

ప్రభుత్వాల వాదన సూటిగా ఉంటుంది: మీ మతం కులాన్ని ఒప్పుకోదు కదా, మరి కులం పేరు మీద రక్షణ ఎలా అడుగుతారు? ఉన్న వాటాలో కొత్తవారు చేరితే తమకు తగ్గిపోతుందన్న హిందూ దళిత సోదరుల ఆందోళన కూడా ఉంది. దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. వాటా పెంచే సంగతి వేరుగా మాట్లాడుకోవలసిందే. కానీ మొదటి వాదనలో ఒక లోపం ఉంది. ఒక మతం ఏమి బోధిస్తుందన్నది ఒక సంగతి, ఒక మనిషి దేహం ఊరిలో ఏమి అనుభవిస్తుందన్నది ఇంకొక సంగతి. 1985లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన కేసు చూడండి. మద్రాసు రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే ఒక క్రైస్తవుడు, అలాంటి వృత్తివారికి ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే బంకు తనకు దక్కలేదని వెళ్లాడు. మతం మారాక కూడా అవే బాధలు అంతే తీవ్రంగా ఉన్నాయని రుజువు లేదంటూ కోర్టు కాదన్నది. అతని చేతిలో ఆరె అదే, తోలు అదే, కూర్చున్న చోటూ అదే. మారినది విశ్వాసం. ఊరు అతణ్ణి చూసే చూపు మాత్రం మారలేదు.

కారంచేడులో 1985లోను, చుండూరులో 1991లోను దాడి చేసినవారు బాప్తిస్మపు రిజిస్టరు తిరగేసి మనుషులను ఎంచుకోలేదు. కాబట్టి 1950 నాటి ఆ పేరాను వేదాంత భాషలో చెప్పాలంటే దోసెటిజం అనాలి. మతం మారిన క్షణాన దళితుని దేహం ఛాయ అయిపోయిందని, దాని మీద పడే దెబ్బ కులపు దెబ్బ కాదని అది అనుకుంటుంది.

అయితే ఈ మాట అని ఊరుకుంటే మనం సగం నిజమే చెప్పినట్టు. సంఘంలో కులం లేదని కోర్టుకు చెప్పింది ఎవరు? మనమే. ప్రతి ఆదివారం బల్ల మీదనుంచి చెప్పాము. అదే నోటితో పెళ్లి సంబంధాల దగ్గర "మాల క్రిస్టియన్", "మాదిగ క్రిస్టియన్", "రెడ్డి క్రిస్టియన్", "కమ్మ క్రిస్టియన్" అని వేరు వేరుగా వెతుకుతున్నాము. కొన్ని ఊళ్లలో సమాధుల తోటలు రెండు. సంఘ ఎన్నికలు వస్తే ఓట్ల లెక్క దేనిమీద నడుస్తుందో పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. ఒక కమిషన్ వచ్చి మీలో వివక్ష ఉందా అని అడిగితే, పరువు కోసం లేదంటామా? లేదంటే మన బిడ్డల రక్షణ పోతుంది. ఉందంటే మన ప్రకటన అబద్ధమవుతుంది. ఈ ఇరకాటంలో మనల్ని పెట్టినది ప్రభుత్వం ఒక్కటే కాదు.

తెలుగు సంఘానికి ఈ పరీక్ష మొదటినుంచీ ఉంది. 1866లో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ విశ్వాసి బాప్తిస్మం పొందాక, ఆయన వారు ఒంగోలుకు రావడం మొదలైంది. వీరిని చేర్చుకుంటే మేము రామని బడికి పిల్లలను పంపుతున్న బ్రాహ్మణ పెద్దలు జాన్ క్లౌకు తేల్చి చెప్పారు. క్లౌ దంపతులు ఆ సమయంలో కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం, లోకంలో ఎన్నికలేని వారిని దేవుడు ఏర్పరచుకున్నాడన్న మాట దగ్గర ఆగి, నిర్ణయం తీసుకున్నారు. పెద్దలు వెళ్లిపోయారు, పేదలు వచ్చారు. కరువు గడిచాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మనలో చాలామంది ముత్తాతల విశ్వాసానికి వేరు ఆ నిర్ణయంలోనే ఉంది.

వాక్యం శరీరధారియై మన మధ్య గుడారం వేసుకున్నాడు అన్నది యోహాను సువార్త గ్రీకు మాటలోని అర్థం. ఆ గుడారం ఆయన ఏ వీధిలో వేశాడు? నజరేతులో, వడ్రంగి ఇంట్లో. అంతటితో ఆగలేదు. పెంతెకొస్తు తరువాత ఆయన ఆత్మ మనుషులలోనే నివసిస్తున్నాడు, మీ దేహం ఆయన ఆలయమని పౌలు కొరింథు సంఘానికి రాశాడు. ఆ సంఘంలో దాసులూ ఉన్నారని మరవకండి. ఆలయమని ఒప్పుకున్న దేహాన్ని అంటరానిదని పక్కన పెట్టడం అపవిత్రపరచడమే. అది ఊరు చేసినా, సంఘం చేసినా ఒక్కటే.

ఇక పత్రం సంగతి. ఆదివారం ఒక పేరు, కార్యాలయంలో ఇంకొక పేరు పెట్టుకుని బతుకుతున్న కుటుంబాలు మన సంఘాలలో ఉన్నాయి. బిడ్డ స్కాలర్‌షిప్ కోసం ఆ పత్రం దాచుకున్న తల్లిని బల్ల మీదనుంచి గద్దించడం సుళువు. సత్యం పలకాలన్న ఆజ్ఞ ఆమెకూ వర్తిస్తుంది, కాదనను. కానీ విశ్వాసాన్నీ బతుకునూ రెండు ముక్కలు చేసి ఒకటి ఎంచుకోమన్నది ఆమె కాదు. ఆమెను ఖండించే ముందు, ఆ బిడ్డ ఫీజు సంఘం కట్టగలదా అని కమిటీ ఒకసారి లెక్క చూసుకోవాలి.

కాబట్టి క్రిస్మస్ నక్షత్రం వేలాడదీసే సంఘాలు మూడు పనులు చేయాలి. ఒకటి: కమిషన్ల ముందు, కోర్టుల ముందు మనలో ఉన్న వివక్షను దాచకుండా, ఊరు పేరుతో సహా రాసి ఇవ్వాలి. రెండు: సమాధుల తోట ఒక్కటి చేయాలి. బతికి ఉండగా కలవనివారు కనీసం పునరుత్థానం కోసమైనా ఒకచోట ఎదురుచూడాలి. మూడు: కులం దాటి జరిగే వివాహాలకు కాపరులు ముందు నిలబడాలి, మొదట తమ సొంత పిల్లల విషయంలో.

నైసియా విశ్వాస ప్రమాణాన్ని ఆరాధనలో కంఠతా చెప్పగలవారు మనలో చాలామందే ఉన్నారు. మనకోసం ఆయన మనుష్యుడయ్యాడు అన్న చోటికి వచ్చినప్పుడు, బెంచీ మీద పక్కన కూర్చున్నవారి వైపు ఒకసారి చూసి చెబుదాం.