మాకోసం ప్రార్థన చెయ్యకండి, ప్లీజ్

మొన్న క్రిస్మస్‌కి దమ్మపేట వెళ్ళొచ్చాం. సత్తుపల్లి దాటాక రోడ్డుకి రెండు పక్కలా పామాయిల్ తోటలు మొదలవుతాయి కదా, సరిగ్గా అక్కణ్ణుంచి మా ఆవిడ మాట్లాడ్డం మానేసింది. ఎందుకో నాకు తెలుసు. పెళ్ళై నాలుగేళ్ళయింది మాకు.

ఆఫీసులో కూడా అడుగుతారు లెండి, "గుడ్ న్యూస్ ఎప్పుడు బాస్?" అని. క్యాంటీన్ దాటేసరికి మర్చిపోతారు. మా ఊరి సంఘం అలా మర్చిపోయే రకం కాదు.

పండగ తర్వాతి ఆదివారం, ఆరాధన ఇంకాసేపట్లో అయిపోతుందనగా పాస్టరుగారు "గర్భఫలం కోసం కనిపెట్టుకుని ఉన్న సహోదరి ముందుకి రావాలి" అన్నారు. పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా, అందరి తలలూ ఒక్కసారే మా ఆవిడ వైపు తిరిగాయి. వెళ్ళింది. మోకాళ్ళ మీద కూర్చుంది. నలుగురు పెద్దావిడలు తల మీద చేతులు పెట్టి గట్టిగా ప్రార్థన చేశారు. దాచిన పాపం ఏదన్నా ఉంటే క్షమించమని కూడా అడిగారు! నేను మగవాళ్ళ వైపు చాప మీద కూర్చుని చూస్తూ ఉన్నాను.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. లోపం నాది. రెండేళ్ళ క్రితమే హైదరాబాదులో ఇద్దరం టెస్టులు చేయించుకున్నాం, ఆవిడకి ఏ సమస్యా లేదు. ఆ రోజు నేను లేచి ఆ ఒక్క ముక్క చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. కాబట్టి ఈ టపాలో కోపమంతా సంఘం మీదే అనుకోకండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన లెక్క ప్రకారం ప్రతి ఆరుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ సమస్య ఎదురవుతుంది. మగవాడి వల్ల వచ్చే సమస్యలు తక్కువేం కావు. అయినా ముందుకి పిలిచేది మాత్రం ఎప్పుడూ సహోదరినే. "గర్భఫలం కోసం కనిపెట్టుకుని ఉన్న సహోదరుడు రావాలి" అని ఎవరైనా పిలవగా విన్నారా మీరు? నేనైతే వినలేదు.

సరే, ప్రసంగం సంగతి. ఏ ఊళ్ళో విన్నా హన్నా కథే. పిల్లల్లేరు, ఏడ్చింది, ప్రార్థన చేసింది, సమూయేలు పుట్టాడు, స్తోత్రం. మధ్యలో ఒక సీను ఉంది, దాన్ని మాత్రం చప్పుడు చెయ్యకుండా దాటేస్తారు. ఆవిడ మందిరంలో పెదాలు కదుపుతూ ఏడుస్తుంటే, యాజకుడు ఏలీ చూసి తాగొచ్చిందనుకుని కసిరాడు. పిల్లల్లేని మనిషిని మందిరంలోనే అపార్థం చేసుకోవడం అప్పుడే ఉందన్నమాట. ఏలీ కనీసం ఆవిడ చెప్పింది విని మాట మార్చుకున్నాడు.

మా వాళ్ళు ముట్టుకోని అధ్యాయం ఇంకొకటుంది, యెషయా 56. అది అర్థం కావాలంటే ముందు ద్వితీయోపదేశకాండం 23 చూడాలి. అక్కడ రూలు ఏంటంటే, నపుంసకుడికి సమాజంలో చోటు లేదు. యెషయా దగ్గరికొచ్చేసరికి దేవుడే ఆ రూలు తీసేశాడు. నన్ను నేను ఎండిన చెట్టుననుకోవద్దు, కొడుకులూ కూతుళ్ళ వల్ల వచ్చేదానికంటే మంచి పేరు నా ఇంట్లోనే ఇస్తానన్నాడు. గమనించండి, పిల్లల్నిస్తానని అనలేదు. అపొస్తలుల కార్యములు 8లో ఇతియోపియా మంత్రి రథంలో కూర్చుని చదువుతున్నది కూడా యెషయా గ్రంథమే. ఆయనా నపుంసకుడే. ఫిలిప్పు ఆయనకి బాప్తిస్మం ఇచ్చాడు, అంతే. "ముందు నీకు సంతానం కోసం ప్రార్థన చేద్దాం బాబూ" అనలేదు. ఆయన సంతోషంగా తన దారిన వెళ్ళాడు.

మన భాషలో చెప్పాలంటే ఎప్పుడో డెప్రికేట్ చేసిన రూలుని మా వాళ్ళు ఇంకా ప్రొడక్షన్‌లో నడుపుతున్నారు. :)

మాకో మేనత్త ఉండేది. పిల్లల్లేరు. ముప్పై ఏళ్ళు సండే స్కూలు చెప్పింది. నాకు అఆలు కూడా అక్కడే వచ్చాయి, బళ్ళో కాదు. అలాంటి మనిషిని ఎవరింట్లోనైనా సీమంతం అంటే పిలిచేవాళ్ళు కాదు. క్రైస్తవుల ఇళ్ళేనండీ! విగ్రహాలు వదిలేశాం గానీ శకునాలు మాత్రం వదల్లేకపోయాం. చంటిపిల్లల ప్రతిష్ఠ రోజున అత్త వెనక వరసలో కూర్చునేది. ఆ పిల్లలే నాలుగేళ్ళు తిరిగేసరికి ఆవిడ దగ్గరికి చదువుకి వచ్చేవాళ్ళు. ఒక్కసారైనా సాక్ష్యం చెప్పమని ఆవిడని ఎవరూ పిలిచినట్టు గుర్తులేదు. సాక్ష్యం చెప్పేది అడిగింది దొరికినవాళ్ళు కదా.

గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ అనే లూథరన్ మిషనరీ ఉండేవారు. 1883లో వచ్చారు, 1898లో ఆడవాళ్ళకీ పిల్లలకీ ఆస్పత్రి తెరిచారు, 1930లో గుంటూరులోనే పోయారు. పెళ్ళి చేసుకోలేదు. ఆవిడ సంతానం గురించి ఎవరూ జాలిపడగా నేను వినలేదు. దొరసానికి అక్కర్లేని జాలి మా అత్తకెందుకో మరి!

"ప్రేమతోనే కదా ప్రార్థన చేసేది, తప్పేముంది?" అంటారని తెలుసు. మా అమ్మ మాకోసం ప్రతి శుక్రవారం ఉపవాసం ఉంటుంది, నేనేమీ అనను. తన గదిలో తలుపేసుకుని చేసుకుంటుంది. ఇంకొకరు చేస్తానంటే ముందు మమ్మల్ని అడగండి. వద్దంటే ఊరుకోండి. పిల్లలు పుట్టకపోతే మేం ఈ సంఘంలో ఏమవుతామో కూడా ఒకసారి ఆలోచించండి, ఎందుకంటే పుట్టకపోవచ్చు.

తిరుగు ప్రయాణంలో సత్తుపల్లి వచ్చేదాకా తను మాట్లాడలేదు. అక్కడ టీ తాగుతూ, ఇక ఈస్టర్‌కి వెళ్ళొద్దులే అన్నాను.

"ఎందుకు వెళ్ళొద్దు? నువ్వు లేచి చెప్తానంటే నేనొస్తా" అంది.

ఇంకా జవాబు చెప్పలేదు.