ఉప్పుతో చిల్లులు... సిమెంటుతో 'పగడపు' రాళ్లు!

గాజుతొట్టిలో ఉప్పునీళ్లు. అందులో నారింజ, తెలుపు చారల క్లౌన్ చేపలు. వాటి వెనక గుహలూ సందులూ వంపులతో అచ్చం సముద్రం అడుగు నుంచి తెచ్చి పెట్టినట్టున్న రాళ్లు. 'ఎక్కడ కొన్నారు?' అని అడిగితే ఇంటాయన నవ్వుతూ పెరట్లోని సిమెంటు బస్తా చూపిస్తాడు. అమెరికాలో ఉప్పునీటి అక్వేరియం పెంచేవారిలో చాలామందికి తెలిసిన విద్యే ఇది. సిమెంటు, గుల్లలు, రాళ్ల ఉప్పు... ఈ మూడూ ఉంటే చాలు, రాయి తయార్! అయితే అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది.

రాయి కాదు, ఇల్లు!

మంచినీటి తొట్టిలో నాలుగు గులకరాళ్లు వేస్తే అందంగా ఉంటుంది, అంతే. ఉప్పునీటి తొట్టిలో మాత్రం రాయే ప్రాణం. చేపల వ్యర్థాల నుంచి అమ్మోనియా పుడుతుంది. అది వాటికి విషం. రాతి మీద, చిల్లుల్లో కాపురముండే ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. ఇంకో రకం ఆ నైట్రైట్‌ని అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. రాతి లోపల ఆక్సిజన్ అందని చోట ఉండే మరో రకం ఆ నైట్రేట్‌ని నత్రజని వాయువుగా మార్చి వదిలేస్తుంది. అంటే రాయి ఎంత బోలుగా ఉంటే నీళ్లు అంత శుభ్రం. సముద్రం నుంచి తెచ్చిన ఇలాంటి రాతిని 'లైవ్‌రాక్' అంటారు. పేరుకు రాయేగానీ దాన్నిండా జీవాలే.

చిక్కంతా అక్కడే వచ్చింది. అందరికీ ఆ రాళ్లే కావాలంటే పగడపు దిబ్బలు ఏమైపోవాలి? అందుకే అమెరికా తన ఫ్లోరిడా తీరంలోని ఫెడరల్ జలాల్లో సహజమైన లైవ్‌రాక్ సేకరణను 1997 నుంచి ఆపేసింది. ఏళ్లపాటు ఈ రాళ్లను ఎగుమతి చేసిన ఫిజీ 2017 చివర్లో నిషేధం విధించింది. మన దేశంలోనైతే 2001లోనే దిబ్బలు కట్టే పగడాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికి ఎంత రక్షణో పగడానికీ అంతే!

మరి ఇష్టం చంపుకోలేనివారికి దారి? సముద్రానికి వందల మైళ్ల దూరంలో, అమెరికాలోని ఐడహో రాష్ట్రం బోయిసీ నగరంలో ఉన్న 'జియోథర్మల్ ఆక్వాకల్చర్ రీసెర్చ్ ఫౌండేషన్' 1990ల్లోనే ఓ దారి చూపించింది. దాని పేరు అరగోక్రీట్. పగడాల అస్థిపంజరంలో ఉండే 'అరగొనైట్'కు కాంక్రీట్‌ను జోడిస్తే పుట్టిన పేరది.

లడ్డూ పట్టినట్టే...

ఒక పాలు సిమెంటు. సుమారు రెండు పాళ్లు గుల్లల ముక్కలు. మరో రెండు పాళ్లు రాళ్ల ఉప్పు. సిమెంటు ఏ మందులూ కలపని మామూలు పోర్ట్‌ల్యాండ్ రకమై ఉండాలి. వాటర్‌ప్రూఫింగ్ పొడుల జోలికి పోకూడదు. గుల్లల కోసం సముద్రం దాకా వెళ్లక్కర్లేదు, కోళ్ల దాణాలో కలిపే ఆల్చిప్పల నూకే సరిపోతుంది. చేతులకు రబ్బరు తొడుగులు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. తడి సిమెంటు చర్మాన్ని తినేస్తుంది, పొడి దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ముందు అన్నీ పొడిగానే కలపాలి. తర్వాత కొద్దికొద్దిగా నీళ్లు చిలకరించాలి. పిడికిట పడితే లడ్డూలా నిలవాలి, జారిపోకూడదు. నీళ్లు ఎక్కువైతే ఉప్పు అప్పుడే కరిగిపోతుంది, రాయికి బలమూ ఉండదు. ఓ పెట్టెలో తడి ఇసుక పోసి, చేత్తో గుంటలు చేసి, అందులో ముద్దలు పెట్టాలి. గుహ కావాలనుకున్న చోట తడి ఇసుక ముద్ద ఉంచితే సరి. ఆనక దాన్ని దులిపేస్తే అక్కడో సొరంగం! రెండ్రోజులు కదపకుండా వదిలేసి, జాగ్రత్తగా బయటికి తీయాలి.

ఇక నీళ్లలో వేస్తే లోపలి ఉప్పు కరిగి బయటికొచ్చేస్తుంది. ఉప్పురాయి ఉన్న ప్రతిచోటా ఓ చిల్లు మిగులుతుంది. బ్యాక్టీరియాకు గదులు సిద్ధమన్నమాట!

తొందరపడితే చేపకు చేటు

చాలామంది బోల్తాపడేది ఇక్కడే. రాయి గట్టిపడింది కదా అని తొట్టిలో పెట్టేస్తారు. తెల్లారేసరికి చేపలన్నీ పైకి తేలతాయి. కారణం సున్నం. సిమెంటు నీటితో కలిసి గట్టిపడేటప్పుడు కాల్షియం హైడ్రాక్సైడ్ పుడుతుంది. అంటే సున్నపు నీళ్లే. దాని పీహెచ్ 12 పైమాటే. సముద్రపు నీటిదేమో 8.2కు అటూఇటూ. పీహెచ్ లెక్కలో ఒక్కో అంకె పెరిగితే క్షారగుణం పదింతలవుతుంది. తేడా ఎంతో ఊహించుకోవచ్చు.

అందుకే స్లాబు మీద మడులు కట్టి నీళ్లు నిలబెట్టినట్టే ఈ రాళ్లనూ నీళ్లలో నానబెట్టాలి. నీళ్లు తరచూ మారుస్తూ కనీసం నెల, వీలైతే రెండు నెలలు. వెనిగర్‌లో ముంచితే త్వరగా అయిపోతుందని కొందరి ఆశ. అది పైపొరకే పనిచేస్తుంది. లోపలి సున్నం మళ్లీ ఊరుతూనే ఉంటుంది.

అయిందో లేదో తెలిసేదెలా? రెండు బకెట్లలో ఒకే నీళ్లు పోసి, ఒకదాంట్లో రాయి వేసి, నాలుగైదు రోజులు మార్చకుండా వదిలేయాలి. రెండింటి పీహెచ్ దాదాపు ఒకేలా ఉంటే రాయి సిద్ధమైనట్టు. లేకపోతే మళ్లీ నానబోతే!

అక్కడితోనూ అయిపోలేదు. తొట్టిలో ఇసుక పోయకముందే రాళ్లను అడుగున కదలకుండా పేర్చాలి. ఇసుక తవ్వే చేపలుంటే రాళ్లు కూలతాయి మరి. అప్పటికే నడుస్తున్న తొట్టిలోంచి ఓ చిన్న రాయి తెచ్చి పక్కన పెడితే, దాని మీది బ్యాక్టీరియా కొత్తవాటికి తోడు పెట్టినట్టు పాకుతుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు రావడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ తర్వాతే చేప. గులాబీ రంగు నాచు పట్టి, అది సిమెంటని ఎవరూ పోల్చుకోలేని రూపం రావడానికి నెలలు కావాలి.

తీసుకున్నది తిరిగిచ్చేస్తూ...

తమిళనాడు తీరంలోని మన్నార్ సింధుశాఖలో 21 దీవుల వరస ఉండేది. అక్కడి పగడపు రాళ్లను ఏళ్ల తరబడి తవ్వి సున్నానికీ సిమెంటు పరిశ్రమకూ తరలించారు. అలలకు అడ్డు లేకుండా పోయింది. రెండు దీవులు మునిగిపోయాయి. తూత్తుకుడి దగ్గరి వాన్ దీవి చాలావరకు కోసుకుపోయింది. దాన్ని కాపాడేందుకు 2015 నుంచి చుట్టూ నీళ్లలోకి దించినవేంటో తెలుసా... చిల్లులు పెట్టిన కాంక్రీటు దిమ్మెలు! అవి అలల జోరు తగ్గిస్తాయి, చేపలకు నీడనిస్తాయి, పగడాలకు పట్టునిస్తాయి.

ఒకప్పుడు పగడాన్ని తవ్వి సిమెంటు చేశారు. ఇప్పుడు సిమెంటుతో పగడానికి ఇల్లు కడుతున్నారు. పెరట్లో టబ్బు ముందు కూర్చుని ఉప్పు కలిపే అభిరుచిపరుడు చేసేదీ అదే పని, కాస్త చిన్న కొలతలో. ఎప్పుడో రెండు నెలల తర్వాత అతడి చేప ఆ సిమెంటు గుహలోంచి తొలిసారి తొంగిచూస్తుంది. ఆ క్షణానికి సముద్రంలో ఓ రాయి ఉన్నచోటే ఉండి ఉంటుంది!