“అర్థమైందా?” అని అడిగితే సరిపోతుందా?

క్యాన్సర్ రోగి మోసే బరువులలో ఏ స్కానింగులోనూ కనిపించనిది ఒకటుంది. అది ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ మనసు మోసే బరువు.

శ్రీకాకుళం నుంచో పాడేరు నుంచో మన అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి బయలుదేరే కుటుంబాన్ని ఒకసారి తలచుకోండి. తెల్లవారకముందే బస్సు అందుకోవాలి. ఆధార్, రేషన్ కార్డు, బయాప్సీ రిపోర్టు, పాత చీటీలు మరచిపోకూడదు. రక్తపరీక్ష ముందో, డాక్టరు ముందో కనుక్కోవాలి. ఆపైన, అసలే భయంతో ఉన్న మనిషి వ్యాధి దశ, కీమోథెరపీ విడతలు, మందుల వేళలు అన్నీ కొద్ది నిమిషాలలో విని గుర్తుంచుకోవాలి.

వైద్యులు చెప్పిన విషయాలలో 40 నుంచి 80 శాతం వరకు రోగులు వెంటనే మరచిపోతారని 2003లో వెలువడిన ఒక సమీక్షా వ్యాసం పేర్కొంది. ఇది తెలివితక్కువతనం కాదు. భయమూ అలసటా కలిస్తే చదువుకున్నవారి జ్ఞాపకశక్తికీ అదే గతి.

నేను సర్వీసులో ఉండగా, కీమో తీసుకుంటున్న ఒక రోగి భార్యకు జాగ్రత్తలన్నీ ఏకబిగిన చెప్పి, “అర్థమైందా అమ్మా?” అని అడిగాను. “అర్థమైంది బాబూ” అని తల ఊపింది. పది రోజులకు జ్వరం వస్తే మామూలు జ్వరమేననుకుని, మూడు రోజులు పారాసిటమాల్ వేసి ఇంట్లోనే ఉంచింది. ఆసుపత్రికి తెచ్చేసరికి ఆలస్యమైపోయింది, అతడు బతకలేదు. జ్వరం సంగతి నేను చెప్పిన మాట నిజమే. పది మాటల మధ్య పదకొండో మాటగా చెప్పిన మాటా నిజమే. తప్పు ఆమెది కాదు.

కీమో తర్వాత తెల్లరక్తకణాలు తగ్గుతాయి. అప్పుడు జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరితే, అర్ధరాత్రి అయినా సరే, ఆలస్యం చేయకుండా ఆసుపత్రిని సంప్రదించాలి. ఇటువంటి ప్రాణావసరమైన మాటను వైద్యుడు మొదటే చెప్పాలి, తెలుగులో రాసి ఇవ్వాలి. “అర్థమైందా?” అనడానికి బదులు, “ఇంటికి వెళ్లాక జ్వరం వస్తే ఏం చేస్తారో చెప్పండి” అని అడగాలి. దానికి పట్టేది ఒక్క నిమిషం. రద్దీ ఎంత ఉన్నా ఆ నిమిషం రోగిదే.

పాఠకులకూ ఒక మనవి. అడగవలసిన మూడు ప్రశ్నలు ముందే రాసుకోండి. విని రాసుకోవడానికి ఒకరిని వెంట తీసుకువెళ్లండి. కాగితాలన్నీ తేదీల వరుసలో ఒకే ఫైలులో ఉంచండి. తెలియనిది రెండోసారి అడగడానికి మొహమాటపడకండి. డాక్టరు విసుక్కుంటారేమోనన్న భయం కంటే ప్రాణం పెద్దది.