ఫోటోలో ఉన్నాయన పేరేమిటి?

సెలవు రోజున కెమెరా భుజాన వేసుకుని సముద్రానికి వెళ్ళడం తప్పని నేను అనడం లేదు. నేనూ వెళ్ళినవాణ్నే. అక్కడ పని చేసుకుంటున్న మనుషుల్ని అడక్కుండా ఫోటో తీసి, పేరైనా తెలుసుకోకుండా తిరిగొచ్చి, దానికింద 'బతుకు పోరు' అని రాసుకోవడం తప్పంటున్నాను. దాన్ని కళ అనుకోవడం అంతకన్నా పెద్ద తప్పు.

2023లో మేడే సోమవారం వచ్చింది. శని, ఆదివారాలు కలిపి మూడు రోజులు సెలవు. సాలూరు నుంచి నలుగురం తెల్లారకుండానే బయల్దేరాం. రామభద్రపురం, గజపతినగరం, విజయనగరం దాటి, పూసపాటిరేగ మీదుగా చింతపల్లి బీచ్‌కి. 2022లో జిల్లాలు విడగొట్టాక మేం పార్వతీపురం మన్యం జిల్లా వాళ్ళం. కాగితం మీద మా జిల్లాకి సముద్రం లేదు. మా సంతకొచ్చే ఎండుచేపలే మాకు సముద్రం. అందుకే కనబడగానే పిల్లల్లా పరిగెత్తాం.

ఒడ్డున పడవలన్నీ వరసగా ఉన్నాయి. ఒక పెద్దాయన పడవ నీడన కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. దూరం నుంచి జూమ్ చేసి తీశాను. ఇంటికొచ్చి నలుపు తెలుపుల్లోకి మార్చి, ముఖం మీద ముడతలు బాగా తేలేలా చేసి, 'వేటకు ముందు ఒక ఉదయం' అని పెట్టాను. మెచ్చుకోళ్ళు బానే వచ్చాయి. కొన్ని నెలలకి ఒక పత్రికవాళ్ళు కథకి బొమ్మగా అడిగితే ఇచ్చాను. కింద నా పేరు వేశారు. అమ్మకి చూపిస్తే, "ఈయన పేరేట్రా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

పేరే కాదు, నా శీర్షికా అబద్ధమే. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలకి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని. మే మొదటి తేదీన ఆ పడవలన్నీ ఒడ్డున ఉన్నది నా ఫ్రేముకి అందం తేవడానికి కాదు, పని లేక. ఆయన వేటకి వెళ్ళడానికి ఇంకా నెలన్నర ఉంది. కార్మికుల దినం నాడు పని లేని కార్మికుణ్ని తీసి, పనికి సిద్ధమవుతున్నాడని రాశాను. ఒక్క మాట అడిగి ఉంటే ఈ తప్పు జరిగేది కాదు. అడక్కపోతే మర్యాదే కాదు, నిజమూ పోతుంది.

ఇది మాకు తెలియంది కాదు. మా కొండల మీదికి వారాంతాల్లో కార్లు వస్తాయి. సంతకి దిగిన గిరిజన ఆడవాళ్ళ ముక్కుపుడకల మీదికి ఫోన్లు లేస్తాయి. వాళ్ళు ముఖం తిప్పుకున్నా వదలరు. మాకు ఒళ్ళు మండుతుంది. అదే మేం తొంభై కిలోమీటర్లు కిందికి దిగితే మరొకరి పేటలో అదే పని చేశాం.

ఈ చూపు కొత్తది కాదు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాలు, తెగల మీద 1909లో ఏడు సంపుటాలు వేశాడు. మనుషుల తలలూ ముక్కులూ కొలిచాడు, ఫోటోలు వేశాడు. వాటిలో మనిషి ఒక కులానికో తెగకో నమూనా. మన శీర్షికలు చూడండి: 'మత్స్యకారుడు', 'గిరిజన మహిళ'. కొలబద్ద ఒక్కటే తగ్గింది.

"అడిగితే సహజత్వం పోతుంది" అంటారు. పోదు. అరగంట పక్కన కూర్చుంటే మిమ్మల్ని మర్చిపోయి వాళ్ళ పనిలో వాళ్ళుంటారు. ఆ అరగంట మన దగ్గర లేదు, అదీ అసలు సంగతి. పోనీ ముందు తీసి తర్వాత చూపించి అడగొచ్చు. అదే బీచ్‌లో, అదే పూట, నీళ్ళలో ఆడుకుంటున్న మన చెల్లెల్ని ఎవడో తెలియనివాడు జూమ్ చేసి తీస్తే సహజత్వం గురించి మాట్లాడతామా? కొట్లాటకి దిగుతాం. మనకున్న పరువు వలలు కుట్టుకునే ఆయనకి లేదనుకున్నాం.

"మరి గొప్ప ఫోటోలు?" అని ఇంకో మాట. 1936లో కాలిఫోర్నియాలో డొరొతియా లాంజ్ తీసిన వలస తల్లి ఫోటో ప్రపంచమంతా చూసింది. ఆమె పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థామ్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. తనకి దానివల్ల పైసా రాలేదని ఆమె చెప్పుకుంది. లాంజ్ కష్టాన్ని లోకానికి చూపించడానికి ప్రభుత్వ పని మీద వెళ్ళింది. ఆవిడ మీదే ఆ ప్రశ్న మిగిలింది. పిక్నిక్‌కి వెళ్ళిన మనకి మినహాయింపు ఎక్కడిది?

మన తీరం వాళ్ళ పేర్లు పేపర్లో ఎప్పుడు వచ్చాయో గుర్తుందా? 2018 నవంబరులో గుజరాత్ బోట్ల మీద పనికెళ్ళిన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారుల్ని పాకిస్తాన్ పట్టుకుంది. 2020 జనవరిలో వదిలింది. దాని మీద 2025లో 'తండేల్' సినిమా కూడా వచ్చింది. పేరుతో కనబడాలంటే పరాయి దేశం జైలుకి వెళ్ళి రావాలన్నమాట.

కథల మీద వల విసిరే నీడబొమ్మలు వేసుకునే పత్రికలకీ ఒక మాట. ఫోటోగ్రాఫర్ పేరుతో పాటు ఊరు, తేదీ, ఫోటోలోని మనిషి ఒప్పుకున్నాడా లేదా అడగండి. చెప్పలేకపోతే వేయకండి. కథకి బొమ్మ లేకపోయినా చదువుతాం.

నేను ప్రింటు తీయించుకుని మళ్ళీ చింతపల్లి వెళ్ళాను. టీ కొట్టులో చూపిస్తే ఆయన ఇల్లు చెప్పారు. ఫోటో అటూ ఇటూ తిప్పి చూసి, "ఏటి బాబూ, సచ్చిపోయినోడి ఫొటోలాగుంది. రంగుల్లో రాదేటి?" అన్నాడు. పేరు చెప్పాడు. పత్రికలో రాయొచ్చా అని అడిగాను. వద్దన్నాడు. అందుకే ఇక్కడ రాయడం లేదు.