గ్రామసభలో సిస్టర్లకూ చోటుంది



కాన్వెంటు అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది టై కట్టుకుని పిల్లలు వెళ్లే బడి. ఆ బడి వెనక, ప్రహరీ లోపల నలుగురైదుగురు సిస్టర్లు కలిసి బతికే ఇల్లే అసలు కాన్వెంటన్న సంగతి చాలామందికి పట్టదు. తెల్లవారకముందే లేస్తారు. ప్రార్థన, పూజ, ఆ తర్వాత బడో ఆసుపత్రో, పొద్దుగూకాక జపమాల. సొంత డబ్బంటూ ఉండదు, జీతం మఠానికే జమ. అయినా ఎయిడెడ్ బడుల్లో పనిచేసే సిస్టర్ల జీతంలో ఆదాయపు పన్ను కోత తప్పదని 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు తేల్చింది. పన్ను కట్టేచోట అందరిలాంటి పౌరులే అయినప్పుడు, ఊరి విషయం నోరెత్తగానే ‘సిస్టర్లకు రాజకీయాలెందుకు?’ అనడం అన్యాయం.

చిన్న ఊళ్లో కాన్వెంటు వరండాలో కాసేపు కూర్చుంటే ఆ రాజకీయం ఏమిటో తెలుస్తుంది. ఒక ముసలామె ఆధార్ కార్డు, రేషన్ కార్డు పాలిథిన్ కవర్లో చుట్టి తెస్తుంది. ఒకదాంట్లో ఉన్న పుట్టిన సంవత్సరం రెండోదాంట్లో లేదు, పింఛను ఆగిపోయింది. సిస్టర్ అర్జీ రాసి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించి, ఆ వేలి సిరాను కాగితం ముక్కతో తానే తుడుస్తుంది. మర్నాడు ఆమె వెంట ఆఫీసుకూ వెళ్తుంది. అక్కడ మొదట ముఖం చిట్లించేది, ఇలాంటి పనులకు చేయి తడిపించుకునే మధ్యవర్తే.

ఆ చిరాకు ఎంతదూరం పోగలదో మధ్యప్రదేశ్‌లోని ఉదయనగర్ చూసింది. కేరళలోని పుల్లువళిలో పుట్టిన సిస్టర్ రాణి మరియా 1992లో దేవాస్ జిల్లాలోని ఆ చిన్న ఊరి కాన్వెంటుకు వచ్చారు. ఆదివాసులను కూడగట్టారు, ప్రభుత్వ పథకాలు, బ్యాంకు అప్పులు ఎలా అడగాలో నేర్పారు, వడ్డీవ్యాపారి గడప తొక్కే అవసరం తప్పించారు. రాజ్యాంగ 73వ సవరణ తర్వాత దేశంలో అందరికంటే ముందు పంచాయతీ ఎన్నికలు జరిపిన రాష్ట్రం మధ్యప్రదేశే, 1994లో. పేదవాడికి ఓటుతోపాటు అడిగే ధైర్యం కూడా వస్తే ఊరి పెద్దలకు కంటగింపే కదా! 1995 ఫిబ్రవరి 25న ఇండోర్ వెళ్లే బస్సులో, ప్రయాణికులందరి ఎదుట, సముందర్ సింగ్ అనే యువకుడు ఆమెను పొడిచి చంపాడు. తనను పురమాయించినవాళ్లు వేరే ఉన్నారని తర్వాత అతనే చెప్పాడు. 2002లో ఆమె చెల్లెలు, తానూ మఠకన్యే, జైలుకు వెళ్లి, క్షమించి, అతనికి రాఖీ కట్టారు. 2017 నవంబరు 4న ఇండోర్‌లో రాణి మరియాను క్యాథలిక్ చర్చి ధన్యురాలిగా ప్రకటించింది.

ఆ క్షమను అందరూ మెచ్చుకుంటారు, మెచ్చుకోవాల్సిందే. కానీ ఆమె ప్రాణం పోయింది పేదలకు తమ హక్కులు అడగడం నేర్పినందుకు. ఆ సంగతి పక్కకు పోకూడదు.

మా గుంటూరునే చూడండి. ఇక్కడికి 1920లో ఆస్ట్రేలియా నుంచి డాక్టర్ మేరీ గ్లౌరీ వచ్చారు. ఏళ్ల తరబడి ఇక్కడి ఆడవాళ్లకు, పసిపిల్లలకు వైద్యం చేసిన ఆ సిస్టర్‌ను ఈనాటికీ గౌరవంగా తలుచుకుంటారు. వైద్యం చేసే సిస్టర్‌కు ఇచ్చే గౌరవమే, ప్రభుత్వాసుపత్రిలో మందులెందుకు లేవని అడిగే సిస్టర్‌కూ దక్కాలి.

పార్టీల భయం ఉంటే అది అక్కర్లేదు. మఠవాసులు ప్రభుత్వ పదవులు చేపట్టరాదని క్యాథలిక్ చర్చి చట్టమే చెబుతోంది, పార్టీ పనుల్లోనూ మామూలుగా దిగనివ్వదు. వాళ్లు సర్పంచి కుర్చీకి పోటీ రారు. కానీ ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే, అందులో సిస్టర్లూ ఉన్నారు. ఎన్నికలప్పుడు ఓటు అడగడానికి కాన్వెంటు గేటు తట్టే నాయకులకు ఆ దారి తెలుసు. వచ్చే గ్రామసభకు దండోరా వేయించేటప్పుడు ఆ కబురును అదే గేటు దాకా పంపించాలి.

— ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా